ఇంజిను వాటా

వలకొకటి, పడవకొకటి, ఇంజినుకొకటి.
మిగిలిందే మా నలుగురిదీ.
పద్నాలుగేళ్లుగా అది మనిషితో సమానంగా తింటోంది.

మొన్న
కళింగపట్నం దీపస్తంభం కనబడే దూరంలో ఆగిపోయింది.
తాడు లాగి లాగి దానయ్య అరచెయ్యి ఊడింది.
తెడ్లేసుకుని బందరువానిపేట చేరేసరికి
కవళ్లు మెత్తబడ్డాయి, బేరగత్తెలు వెళ్లిపోయారు.

మెకానిక్ జోగులు మూత విప్పి
లోపల వేలితో గీకి నాలిక మీద పెట్టుకున్నాడు.
"ఉప్పు తినేసినాది బావా.
ఇరవై రెండు వేలు పోస్తే ఇంకో ఏడాది ఆడొచ్చు.
ఆడొచ్చు అన్నాను, ఆడతాదన్లేదు."

కొత్తదానికి లచ్చా అరవై.
సగం సబ్సిడీ అంటారు,
ఆ సగం ఎప్పుడొస్తాదో ఆఫీసోళ్లకే తెలీదు.
మిగతాది షావుకారి దగ్గర తేవాలి.
అంటే చేప నీళ్లలో ఉండగానే ఆయనది.

నిషేధం రెండు నెల్లూ ఉంది కదా, ఆలోచిద్దామన్నాను.
నీలమ్మ బుట్ట దించింది.
"నడి సంద్రంలో ఆలోచించుకో.
అక్కడ బోల్డు టైముంటాది."

మళ్లీ తనే, బుట్ట కడుగుతూ:
"చీకట్లో పాతిక పడవలొస్తాయి.
మనది మూడు కొట్టి ఒకసారి దగ్గుతాది.
అది విన్నాకే గంజి పొయ్యెక్కిస్తాను.
కొత్తదైతే ఏటి వినాల?"

మెత్తబడ్డ కవళ్లు ఎండుచేపకి పోయాయి.
వచ్చిన డబ్బు ఇసకలో పంచాను.
చెయ్యి అలవాటు మీద ఏడు కుప్పలు పెట్టింది.

దానయ్య మూడో కుప్ప వైపు చూశాడు.
తన చేతికట్టు వైపు చూసుకున్నాడు.
ఏమీ అన్లేదు.