కరిగిన కుప్ప

బకింగ్‌హాం కాలవలో
బాప్తిస్మానికి మునిగిన మా జక్రయ్యన్న
నిరుడు సారాకొట్టులో మునిగాడు.
సంఘం పుస్తకంలో పేరు మీద
ఎర్రసిరా గీత పడింది.

రక్షణ పోయిందన్నారు తీతు అయ్యగారు.
అసలు వస్తేగా పోయేదానికి, అంది దిబోర పెద్దమ్మ.
నాకేం తెలుసు?
కనుపర్తి కయ్యల్లో ఉప్పు గోకేదాన్ని.

మొన్న తుపానుకి
తాటాకు కప్పని కుప్ప
తెల్లారేసరికి లేదు.
వంగి, మడిలో నీళ్ళు నాలిక్కి రాసుకున్నా:
చేదెక్కేంత ఉప్పు.

ఎండ రావాల.
అది నా చేతిలో ఉందా, ఉప్పు చేతిలో ఉందా?

రాత్రి అన్న తూలుతా వచ్చి గడపలో కూలబడి
నిద్దట్లో పరలోక ప్రార్థన చెప్పాడు,
ఒక్క మాటా తప్పకుండా.
దుప్పటి కప్పా.

ఆ గీత కింద పేరు
ఇంకా చదవొస్తానే ఉంది.