వల కన్ను

న్యూఫౌండ్‌లాండ్‌లో, గ్రే డక్ కోవ్ లైబ్రరీలో
మంగళవారం, గురువారం సాయంత్రం ఆరింటికి
అగాథా పికో వచ్చి కూర్చునేది.
కోటు విప్పేది కాదు.
ఇరవయ్యేడేళ్ళు కాడ్ చేపల్ని నిలువునా చీల్చిన చేతులు
పెన్సిల్‌నీ కత్తిలాగే పట్టుకునేవి.

వేట ఆపమన్నారు. ఫ్యాక్టరీ మూశారు.
ఫెర్రీ టికెట్ల కౌంటర్లో ఉద్యోగానికి
పరీక్ష పెట్టారు.
అందులో మాటల జతలు:
దీనికి అది ఎలాగో, దానికి ఏది అలాగ?
నాకు పంతొమ్మిదేళ్ళు.
నేను మేష్టర్ని.

"మధ్యలో ఈ నాలుగు చుక్కలేంటి?"
సమానమని గుర్తు, అన్నాను.
"నీళ్ళ మీద వల బెండ్లలా ఉన్నాయే.
కింద ఏదో వేలాడుతుంటుంది,
పైకి కనపడదు."
అప్పుడు నవ్వి ఊరుకున్నాను.

మొదట్లో ఆవిడ మాటల మొహాలే చూసేది.
ఉప్పు : చేప అనగానే
సముద్రం ఉన్న జవాబు మీదికి వేలు పోయేది.
చుట్టరికాలు చూడకండి, అన్నాను,
రెండు మాటల మధ్య ఒక వాక్యం వేయండి,
వాగు మీద పలకలా.
అదే పలక మీద ఇంకో జత నడవాలి.
పెదాలు కదిపింది.
"ఉప్పు చేపని చెడనివ్వదు."
వేలు వెనక్కి వచ్చి, తడుముకుని,
తారు : పడవ దగ్గర ఆగింది.
బయట మంచు కురుస్తోంది, హీటరు గుర్రుపెడుతోంది,
ఆవిడ మాత్రం కోటు పైగుండీ తీసింది.

మరి రెండు జతలూ నడిచేస్తే?
వాక్యం వదులన్నమాట,
వల కన్ను ఇంకా సన్నం చెయ్యాలి, అన్నాను గొప్పగా.
అగాథా పెన్సిల్ కింద పెట్టింది.
"సన్నం చేస్తే పిల్ల చేపలూ నాచూ అన్నీ పడతాయి బాబూ.
మా కొంప మునిగిందే అలాగ.
కన్ను పెద్దది చెయ్యి,
అక్కర్లేనివన్నీ జారిపోయి
ఒక్కటి మిగిలేంత."
నా పోలిక నా కళ్ళముందే బుడుంగుమంది.
నోట్సులో నా మాట కొట్టేసి
ఆవిడ మాట రాసుకున్నాను.

ఫిబ్రవరి చివర్లో నమూనా పరీక్ష.
నలభైలో ముప్పై తొమ్మిది ఒప్పు.
మిగిలిన ఒక్కటీ
చేతి తొడుగు : చెయ్యి.
పుస్తకం జవాబు, మేజోడు : పాదం.
ఆవిడ పెట్టింది, ఇల్లు : పొయ్యి.

"తొడుక్కి సొంత వెచ్చన ఎక్కడిది?
చేతి వేడే దాచి చేతికే ఇస్తుంది.
ఇల్లూ అంతే.
పొయ్యి ఆరిన ఇంట్లో కోటేసుకు పడుకుని చూడు, తెలుస్తుంది."
మేజోడూ అంతే కదా, అన్నాను.
"అంతే. దానికి వాక్యమెందుకు మరి?
చూడగానే తెలిసిపోతోందిగా."
ఎర్ర పెన్ను మూత తీశాను.
కాసేపాగి పెట్టేశాను.
ఆ ప్రశ్న పక్కన ఇప్పటికీ ఏ గుర్తూ లేదు.

ఇప్పుడు ఫెర్రీ ఎక్కాలంటే
గాజు కిటికీ వెనక ఆవిడే.
చిల్లర లెక్కపెట్టి, టికెట్ సగం ఇవతలికి తోసి,
రెండో సగం మీద వేలు నొక్కిపెట్టి అడుగుతుంది:
"టికెట్ : ఒడ్డు?"
ప్రయాణం అంటే తల అడ్డంగా ఊపుతుంది.
అనుమతి అంటే, "వదులు."
నా వెనక క్యూలో ఎవరో దగ్గుతారు.
పడవ రెండో కూత కూస్తుంది.
నేనింకా వాక్యం కడుతూనే ఉంటాను.