ఉన్ని బంతి

కోరంగి చెక్కవంతెన మీద
చెప్పులు చేతబట్టుకుని నడిచాడు అబ్బులు,
మడచెట్ల నిద్ర చెడుతుందట.
బావురుపిల్లి కనపడలేదు.
దాని అడుగులు చూద్దామని దిగి
మోకాలిదాకా కూరుకుపోయాడు.
లాగలేక నవ్వాను,
నవ్వలేక లాగాను.

సాయంత్రం తాళ్లరేవు హైస్కూలు గ్రౌండులో
బాల్ బ్యాడ్మింటన్.
మా జట్టులో ఐదోవాడు
ఐస్ ఫ్యాక్టరీ డ్యూటీ ఇంకా దిగలేదు.
"బావా, నువ్వు రా!"
ఎండిన బురదకాలితోనే వెళ్లాడు.

పసుపు ఉన్ని బంతి లైట్లలోకి లేచి
ఒక్క క్షణం ఎవరికీ చెందకుండా ఆగింది.
నా గుప్పిట్లో బఠాణీల పొట్లం నలిగింది.

రెండు పాయింట్లతో ఓడాం.

బండి వెనక కూర్చుని
వీపుకి చెవి ఆనిస్తే
లోపలెవరో ఇంకా స్కోరు లెక్కపెడుతున్నారు.

వాకిట్లో, నీళ్లు పోయబోతే ఆపి
మోకాలి బురద మీద బొటనవేలు నొక్కాడు:
"ఇదుగో, పిల్లి అడుగు
ఇంతే ఉంది."