పదమూడో పీలిక

జల్లె మాష్టారు బోర్డు మీద రెండువేలు అని రాశారు.
పక్కన రెండువేల ఐదువందలు, ఆ పక్కన మూడువేలు,
తర్వాత మూడు చుక్కలు.
ఆ చుక్కల్లోకి మా నాన్న దిగుతుంటాడని
క్లాసులో నాకొక్కదానికే తెలుసు.

"బావి తవ్వేవాడు మొదటి మీటరుకు
రెండువేల ఫ్రాంకులు పుచ్చుకుంటాడు.
ఆపైన మీటరు మీటరుకూ ఐదువందలు పెంచుతాడు.
పన్నెండో మీటరుకు ఎంత?"

ఎనిమిదివేలు, అన్నాను అందరికంటే ముందు,
ఐదువందల్ని పన్నెండుసార్లు వేసి.
వెనక బెంచీ నవ్వింది.
మాష్టారు నవ్వలేదు.
"ఒక మీటరు ఎక్కువ దిగావు, కిబ్సా" అన్నారు.

ఆ ఒకటి ఎందుకు తగ్గాలో సూత్రం చెప్పదు.
ఎన్ మైనస్ ఒకటి అని బ్రాకెట్లో దూరి
తలుపేసుకుంటుంది.

మా చదువు ఫ్రెంచిలో.
అందులో పదాంతరాన్ని రెజోఁ అంటారు.
కారణాన్నీ రెజోఁ అనే అంటారు.
ఫ్రెంచి రాని నాన్నని ఆ రాత్రి మా మోరె భాషలో అడిగాను,
ఐదువందలకి కారణమేంటని.

సజ్జ ముద్ద విరిచి బెండకాయ పులుసులో ముంచుతూ,
"లోతుకెళ్లేకొద్దీ తాడు బరువు.
పైన బకెట్ లాగే నోఆగా చేతులు బొబ్బలు.
కింద గాలి చిక్కదు.
ఆకాశం చూస్తే, ముందు జల్లెడంత ఉండేది,
ఆనక చిప్పంత.
అన్నిటికీ కలిపి ఐదువందలు. చవకే."

మరి మొదటి మీటరుకో?

"దానికేముంది? తల బయటే ఉంటుంది.
మీ అమ్మతో పోట్లాడుతూనే తవ్వొచ్చు."

గోడ మేకుకి నాన్న తాడు వేలాడుతోంది,
మీటరుకొక గుడ్డ పీలిక కట్టి.
లాంతరు దగ్గర పెట్టుకుని లెక్కపెట్టాను.
పీలికలు పన్నెండు.
వాటి నడుమ ఖాళీలు పదకొండు.
మళ్లీ లెక్కపెట్టాను, మళ్లీ పదకొండే.
పెరిగేదంతా ఆ ఖాళీల్లోనే పెరుగుతోంది.
మొదటి పీలిక ఎక్కడికీ నడవలేదు,
ఉన్నచోటే ఉంది.
ఏడువేల ఐదువందలు, అని చీకట్లోకి గట్టిగా అన్నాను.
"పడుకో" అంది అమ్మ.

ఆదివారం మర యజమాని సలిఫు వచ్చాడు,
తన పెరట్లో బావి పన్నెండు మీటర్లకి మొత్తం ఎంతో తేల్చమని.
ఫోన్లో కూడితే ఒకసారి యాభై నాలుగు వేలొచ్చింది,
ఇంకోసారి అరవై.
నాన్న కొడవలి మొనతో నేల మీద గీతలు గీస్తున్నాడు,
గీతల మీద కోళ్లు నడుస్తున్నాయి.

నేను తాడు తెచ్చి సగానికి మడిచాను.
మొదటి పీలిక పన్నెండోదాన్ని తాకింది:
తొమ్మిదివేల ఐదువందలు.
రెండోది పదకొండోదాన్ని తాకింది:
అదీ అంతే.
తక్కువది ఎంత ఎక్కిందో ఎక్కువది అంత దిగింది.
జతలు ఆరు. యాభై ఏడు వేలు.
సలిఫు తాడు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు,
మోసం ముడిలో ఉంటుందేమోనని.

పన్నెండు తవ్వారు.
తడి మట్టి వచ్చింది, ముద్ద చేస్తే నిలిచే మట్టి.
నీళ్లు రాలేదు.
సలిఫు చేతిలో డబ్బూ అయిపోయింది, కాగితమ్మీద ఒప్పందమూ అయిపోయింది.
జల్లె మాష్టారి శ్రేఢి మాత్రం
వందో మీటరు ధర కూడా తడుముకోకుండా చెబుతుంది:
యాభై ఒక్క వేల ఐదువందలు.
వందో మీటరులో ఊపిరెలా తీస్తారో దాన్నడిగితే
మూడు చుక్కలు చూపిస్తుంది.

నాన్న బావి గట్టున కూర్చుని చాలాసేపు కిందికి చూశాడు.
తర్వాత చెప్పులు విడిచి
పలుగు నడుముకి దోపుకున్నాడు.
నోఆగా భుజం పట్టేసింది, తాడు నేనందుకున్నాను.

పొట్టయిపోయిన నా పాత యూనిఫాం అంచు చింపి
పదమూడో పీలిక కట్టాను.
అక్కడి ధర ఎనిమిదివేలు,
నేను తప్పు చెప్పిన జవాబు.

సాయంత్రం తాడు పైకి లాగుతుంటే
పన్నెండు పొడిగానే వచ్చాయి.
ఖాకీ పీలిక నా వేళ్లకి తగిలి
మోచేతి దాకా కారింది.

సలిఫుని నాన్న ఏమడిగాడో, ఎంతడిగాడో
నాకు తెలీదు.
ఆ పూట మా ఇంట్లో ఎవరూ లెక్కలు మాట్లాడలేదు.