అడ్డగీతతో మొదలయ్యే పేర్లు

ఛత్తాబజార్‌లో, మెషిన్లు ఆగిపోయాక,
సిరా, గోందు వాసన మిగిలిన రెండో అంతస్తులో
పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకు
ఇరవై రెండేళ్ల శుభలేఖలు మోస్తున్నాను.
నేను కాదు, నేను రాసిన ఆరు వరుసల స్క్రిప్ట్.

ఫైళ్లకు పేర్లు పెట్టింది ఖుద్రతుల్లా సాబ్.
ఎదుటి మనిషితో మాట్లాడినట్టే పెట్టాడు:
సుగుణ & యాదగిరి మళ్లొకసారి
బర్కత్ వాళ్ల చిన్నమ్మాయి బంగారు అంచు
డి'సౌజా బొల్లారం చర్చి
ఇదే ఆఖరు * ఇగ ముట్టొద్దు

మొదట చేత్తో కొట్టి చూశాను.
టెర్మినల్‌కు మన మాట తీరు తెలియదు,
ఖాళీ కనిపిస్తే చాలు, కత్తెర వేస్తుంది.
బర్కత్ అనే ఫైలు లేదంది.
వాళ్ల అనే ఫైలు లేదంది.
బంగారు లేదు, అంచు లేదు.
సుగుణను తెర వెనక్కి పంపేసి
యాదగిరిని ఆజ్ఞ అనుకుని కేకేసింది.
డిసౌజా దగ్గర, తెరిచిన కొటేషన్ మూయలేదని
కింది వరుసలో బాణం మొన ఒకటి పెట్టి
ఇంకేదో చెప్తానని నా నోటికేసి చూస్తూ కూర్చుంది.
ఇక ముట్టొద్దన్న ఫైలు కోసం పోతే
ఫోల్డర్‌లో అన్నిటినీ ముట్టింది.

సరేనని ప్రతి పేరుకూ అటూ ఇటూ కొటేషన్లు కట్టాను,
సామాను విడిపోకుండా పురికొస బిగించినట్టు.
పేరుకూ పేరుకూ నడుమ
ఏ పేరులోనూ ఇమడని శూన్యాక్షరం పెట్టాను.
రాత్రి పదిన్నరకు
నాలుగు వేల ముప్పై ఆరు దాటాయి.
పదకొండు దాటలేదు.

ఆ పదకొండింటికీ ముందు చిన్న అడ్డగీత.
-మెహజబీన్ నవంబర్
-కిష్టమ్మ గారి మనవడు
గీతతో మొదలైతే అది పేరు కాదట, హుకుమట.
ఇలాంటి హుకుం నాకు తెలియదని
పదకొండు సార్లూ తిప్పికొట్టింది.
కొటేషన్లు కట్టినా అంతే.

యాకుత్‌పురాకు ఫోన్ చేశాను.
చూపు మసకబారినా గొంతు అట్లనే ఉంది సాబ్‌ది.
“ముందర గీత ఎందుకు పెట్టిండ్రు సాబ్?”
అవతల టీవీ చప్పుడు తగ్గింది.
“ఆగిపోయిన షాదీలు బేటీ అవి.
కార్డులు అచ్చు కాలె. అడ్వాన్సు వాపస్ ఇచ్చిన.
తీసేద్దామంటే చెయ్యి రాలె.
గీత పెడితే లిస్టుల అన్నిటికన్న పైకొస్తయ్,
రోజుకొకసారి కండ్లవడ్తయ్.”

ఏమనాలో తెలియక, తిన్నారా అని అడిగాను.

దానికి మందు తెలిసిందే:
పేరుకు ముందు ఒక చుక్క, ఒక ఏటవాలు గీత.
ఇక్కడ, అని దానికి అర్థం.
ఇక్కడున్న మెహజబీన్.
ఇక్కడున్న కిష్టమ్మ గారి మనవడు.
స్క్రిప్ట్‌కు అప్పజెప్పకుండా
ఒక్కొక్కటే చేత్తో దాటించాను.

ఏడోది తెరిచాను, తెరవకూడదని తెలిసీ.
లేత ఆకుపచ్చ అంచు.
తేదీ ఉండాల్సిన చోట
“అడిగి చెప్తాం” అని ఉంది.

పేర్లన్నీ శుభ్రం చెయ్యమన్నాడు సేఠు,
ఖాళీల్లో కింది గీతలు పెట్టి, గుర్తులన్నీ పీకేసి.
రేపు చెప్తాను, కుదరలేదని.
నిజానికి కుదురుతుంది.
ఒక్క వరుస చాలు.