గోడమీది సుద్దగీతలు

గ్రీమ్స్‌పేటలో నా లేతు షెడ్డుకి
యానాం నుంచి లారీమీద వచ్చిందా బండి.
ఎనభై ఆరు మోడలు, ఫ్రాన్సుది, సిట్రోయెన్.
దించితే నేలకి పొట్ట ఆనించి
ఎండకి బురదలో పండుకున్న ఎనుములాగ ఉండింది.

"మా నాన్న ఫ్రెంచి పటాలంలో చేశారండి.
పింఛనొచ్చాక ఓడమీద తెచ్చుకున్నారు.
అయిదుగురం దీంట్లోనే కాకినాడెళ్ళి సినిమా చూసొచ్చేవాళ్ళం."
ఇరవై ఏళ్ళుగా చిత్తూరులో లెక్కలు చెప్తా ఉన్నా
మర్గరీతు టీచరమ్మకి ఆ 'అండి' మాత్రం అరగలేదు.

మూతిమీద గుర్తు చూసి మా పిల్లోడు
"రెండు తలకట్లు, కింద అక్షరం లేదు" అన్యాడు.
నాకు పళ్ళచక్రం కనబడింది,
వంకరపళ్ళు కోసే చెయ్యి గదా.

దీనికి స్ప్రింగుల్లేవు.
ఇనప బంతులు. బంతిలో సగం గాలి, సగం నూనె,
నడాన పల్చటి రబ్బరు.
అంతే. సంసారమంతా దానిమీదే కూర్చోనింది.

తప్పు నాదే, చెప్పేస్తా.
డబ్బా ఖాళీగా ఉందని బ్రేకాయిలు పోసినా.
అన్ని బండ్లకీ అదే గదా అనుకున్నా.
వారం తిరక్కుండా వాసర్లన్నీ
నానబెట్టిన శనగల్లా ఉబ్బిపోయినాయి.
టీచరమ్మ అరవలేదు.
అరిచుంటే బాగుండు.
సంచీలోంచి వాళ్ళ నాయన పుస్తకం తీసి
ఒక ముక్క ఫ్రెంచిలో చదువుకోని
"పచ్చదే పొయ్యాలని రాసుందండి" అనింది.

ఇంగ ఆదివారాలన్నీ ఆ పుస్తకానివే.
ఆమె స్టూలు మీద, నేను బండి కింద.
జ్వాఁ అంటే వాసరు.
ఫ్యుయిత్ అంటే కారడం.
"నాన్న నాకు నేర్పింది ఈ మాటలేనండి.
మనసులో మాట ఫ్రెంచిలో ఎలా చెప్పాలో తెలీదు."
నాకేం చెప్పాలో తోచక
పద్నాలుగో నంబరు స్పానరడిగినా.

పైపులు మూడుసార్లు కడిగినా.
రాణిపేటలో పంపుసెట్టు సామాన్ల సేఠు దగ్గర
గుప్పెడు రింగులు ఏరుకోనొచ్చినా.
బంతికి గాలి పట్టే మర ఇత్తడిలో నేనే తీసినా,
రెండు చెడిపోయినాక మూడోది కుదిరింది.
నైట్రోజనుకి మాత్రం
మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో కోల్డు రూములు చూసే
దనశేఖరు కాళ్ళు పట్టుకోవాల్సొచ్చింది.
"జూన్లో అడగబాక, సీజను."
తోతాపురి లోడ్లన్నీ అయిపోయినాక
సిలిండరు టీవీఎస్‌కి కట్టుకోనొచ్చినాడు,
చొక్కానిండా పండు వాసన.

కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పినా,
లోపల కూర్చునే ధైర్యం లేక.
కాసేపు ఏమీ లేదు.
పంపు టిక్కు టిక్కుమనింది.
ముందుగా వెనకభాగం లేచింది.
నిలబడింది, ఏదో గుర్తొచ్చినట్టు.
ఆనెక ముందుభాగం.
ఆవు లేస్తుందే, అచ్చం అట్లనే.
టీచరమ్మ వెనక సీట్లో ఓరగా కూర్చోనింది,
చిన్నప్పుడు కొట్లాడి గెలుచుకున్న చోటంట.

తెల్లారి చూస్తే మళ్ళీ పండుకోనుంది.
ఎక్కడో ఫ్యుయిత్.
అప్పట్నుంచి రాత్రి షెడ్డు మూసే ముందు
బంపరు ఎత్తుకి గోడమీద సుద్దతో ఒక గీత,
పొద్దున వచ్చినాక ఇంకోటి.
ఇండ్లల్లో పిల్లోళ్ళు పెరిగేది గీస్తారు,
నేను ఇది కుంగేది గీస్తా ఉండా.
మొదట జానెడు.
తర్వాత బెత్తెడు.
మొన్న రెండు వేళ్ళు.
నిన్న వానకి గోడ నాని గీతే పోయింది.

ఈ పొద్దు రోటవేటరు షాఫ్టు కోసం
పూతలపట్టు నుంచొచ్చిన రైతు
"అమ్ముతావా దీన్ని?" అన్యాడు.
"నాది కాదు."
"మరి అట్ల చూస్తా ఉండావే?"

షాఫ్టు బిగించి లేతు ఆన్ చేసినా.
ఆ అదురుకేమో
బండి కింద పచ్చగా ఒక చుక్క రాలింది.
ఎక్కడినుంచి రాలిందో ఈసారి కనబడింది.

ఈ పొద్దు బుధవారం.
టీచరమ్మకి ఇప్పుడే చెప్పను.