కూరకి రానిది

ఇసకపల్లి పక్కన రొయ్యల గుంట తవ్వుతుంటే
ప్రొక్లెయినర్ గంటలు రాసుకునే పని నాది.
గంటకి పదమూడొందలు.
తొమ్మిదో అడుగులో, నల్ల బంకమట్టి మధ్య
సున్నంతో గీసినట్టు ఒక తెల్ల గీత తేలింది.
డ్రైవరు బకెట్టు గాల్లోనే ఆపి బీడీ ముట్టించాడు.

సముద్రం అక్కడికి మూడు మైళ్లు.
గాలి మళ్లితే తప్ప హోరు కూడా వినపడదు.

గట్టు పనికొచ్చిన మానికల పోలమ్మ
దిగి, గోటితో గీకి, అరచేతిలో పోసుకుంది:
నూకలంత గుల్లలు. ఒక్కోదానికి ఐదు మెలికలు.
మట్టి పరీక్షకి నెల్లూరు నించి వచ్చిన కుర్రోడు
భూతద్దం తీసి, ఊపిరి బిగబట్టి
"దీన్ని మీరేమంటారమ్మా?" అన్నాడు.
"ఏమంటాం? కూరకి రానిదానికి
పేరెవురు పెడతారు నాయనా!"

అతని దగ్గరో పేరుంది, రెండు ముక్కల లాటిన్.
పలికి చూస్తే నోట్లో ఇసక పడ్డట్టుంది.
ఆరువేల ఏళ్లు ఉండొచ్చన్నాడు.
నేను గంటల్లోకి మార్చబోయి
సున్నాల దగ్గర పెన్ను ఎత్తేశాను.

ఒక గుల్లకి పక్కన బెజ్జం,
సూదితో పొడిచినట్టు, అంచు అరగకుండా, గుండ్రంగా.
ఇంకో నత్త తొలిచి లోపలి ప్రాణాన్ని పీల్చుకుందట.
అన్నేళ్ల నాటి ఆకలి
నిన్న రాత్రిదిలా ఉంది.

మర్నాడు పోలమ్మ తడిగుడ్డలో ఏదో మూటకట్టి తెచ్చింది.
ఉప్పుటేటి బురదలో, మడ చెట్ల వేళ్ల కింద ఏరిందట.
అదే నూక. అవే ఐదు మెలికలు.
కాకపోతే ఇది నడుస్తోంది,
చచ్చినదాని పక్కనుంచే, పలకరించకుండా,
ఆమె బొటనవేలి వైపు.

"ఇయ్యి యాడికీ పోలా," అంది.
"సముద్రమే రవ్వంత అవతలికి జరిగింది."

నెల తిరక్కుండా ఓనరు గుంటకి నీళ్లు పెట్టించాడు.
రొయ్య పెంకు గట్టిపడాలని
బస్తాల లెక్కన సున్నం కొనుక్కొచ్చి చల్లించాడు.
అడుగున ఉన్న సున్నం సంగతి ఎవరూ ఎత్తలేదు.
పోలమ్మ మాత్రం తమలపాకుకి వేలు రాస్తా
నా వైపోసారి చూసింది.

నా పుస్తకంలో ఆ రోజు ఇలా ఉంది:
గుల్ల పడింది. బండి అరగంట ఆగింది.
ఆరొందల యాభై.
ఎవరి ఖాతాలో రాయాలో తెలీక
ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంచాను.